పదునెనిమిదేండ్లు నిండిన మరునాడు

సిద్దిపేట సీమవారికి పదునెనిమిది యను అంకెయొక్క బరువును ఒకరు బోధింపనక్కర లేదు. మల్లన్నసాగరము క్రింద తొగుట, కొండపాక మండలముల గ్రామములు మునుగవలసి వచ్చినప్పుడు పుట్టినతేదీ కాగితములకు ఎన్నడును లేని విలువ వచ్చినది. 2013 నాటి భూసేకరణ చట్టము వయస్సు వచ్చిన ప్రతి వ్యక్తిని, స్త్రీయైనను పురుషుడైనను, వివాహమైనను కాకున్నను, ఒక ప్రత్యేక కుటుంబముగా నెంచుమన్నది. పదునెనిమిది నిండినవానికి వేరు పరిహారము, వేరు ఇంటిస్థలము. నిండనివాడు తండ్రి లెక్కలో ఒకడు. ఏ తేదీనాటికి నిండవలెనన్న విషయమై తగవులు పుట్టినవి. 2022 ఫిబ్రవరి 23వ తేదీన జలాశయము ప్రారంభమైనది. ఊళ్లు నీట కలిసినవి. పుట్టినతేదీలోని కొలది దినముల తేడా కొన్ని యిండ్లలో లక్షల రూపాయల తేడాగా మిగిలినది.

ఆ లెక్కలో పదునెనిమిది నిండుట ఒక లాభము. అదే అంకె మరియొక లెక్కలో నష్టమగుచున్నది. తలిదండ్రులు వేరుపడిన యిండ్లలో, తల్లియొద్ద పెరుగుచున్న బిడ్డకు తండ్రి నెలనెలకు ఇచ్చు మనోవర్తి ఎప్పటితో ఆగవలెనన్న ప్రశ్నకు మన శాసనము కొడుకు విషయమున పదునెనిమిదేండ్లనియు, కూతురు విషయమున వివాహమనియు ప్రత్యుత్తరమిచ్చుచున్నది. ఈ రెండు ప్రత్యుత్తరములును నేటి బ్రతుకునకు పొసగవని మేము తలంచుచున్నాము.

ముందుగా శాసనమేమి చెప్పుచున్నదో చూతము. బిడ్డ తరపున తల్లి వెళ్లదగిన దారులు రెండు. మొదటిది మేజిస్ట్రేటు కచేరి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షను క్రింద మైనరు బిడ్డకు, ఔరసుడైనను కాకున్నను, తండ్రి భరణ మీయవలెను. మేజరైన పిదప అంగవైకల్యము చేతనో మనోవైకల్యము చేతనో తన్ను తాను పోషించుకొనలేని సంతానమునకు మాత్రమే ఆ హక్కు నిలుచును. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన నూతన నాగరిక సురక్షా సంహితలో ఇదియే 144వ సెక్షనైనది. అంకె మారెను గాని హద్దు మారలేదు. రెండవ దారి సివిలు దావా. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము 20వ సెక్షను ప్రకారము సంతానమునకు మైనరుగా నున్నంత కాలము భరణము కలదు. అవివాహితయగు కుమార్తెకు మాత్రము, తన ఆర్జనతోగాని ఆస్తితోగాని బ్రతుకలేనంత వరకు, వయస్సు దాటినను కలదు. ఈ చట్టము భరణమన్న మాటలో అన్నవస్త్రములతోపాటు చదువును, వైద్యమును, అవివాహితయగు కుమార్తె పెండ్లి ఖర్చును గూడ చేర్చినది. కాని యిది హిందువులకు, బౌద్ధ జైన సిక్కులకు మాత్రమే వర్తించును. ముసల్మానుల బిడ్డలు మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చునని 1997లో సుప్రీంకోర్టు తేల్చినది.

ఇందొక వింత కలదు. పరప్రభుత్వము వ్రాసిన 1898 నాటి కోడు 488వ సెక్షనులో మైనరు అన్న మాటయే లేదు. తన్ను తాను పోషించుకొనలేని బిడ్డ అని మాత్రమే యుండెను. బిడ్డయనగా ఎంతవరకు బిడ్డ యన్న విషయమున హైకోర్టులలో భిన్నాభిప్రాయములు పుట్టినవి. పెరిగిన కొడుకునకును అసహాయుడైనచో హక్కు కలదని తీర్పు చెప్పిన న్యాయాధిపతులును ఉండిరి. నైజాము రాజ్యముగా నుండిన మన ప్రాంతమునకు ఆ కోడు 1951లో వచ్చినది. స్వతంత్ర భారతము 1973లో క్రొత్తకోడు వ్రాసికొన్నప్పుడు సందేహము తీర్చుటకై మైనరు అను మాటను చేర్చినది. సందేహము తీరినది, తలుపును మూతపడినది. ఇచ్చు మొత్తముయొక్క పరిమితి మాత్రము కాలానుగుణముగ మారుచు వచ్చినది: ఏబది రూపాయలుగా నున్నది 1923లో నూరైనది, 1955లో ఐదువందలైనది, 2001లో పరిమితియే ఎత్తివేయబడినది. రూపాయి విలువ తగ్గినదని గ్రహించిన శాసనకర్తలు చదువు పొడవు పెరిగినదని గ్రహింపరైరి.

ఆరేండ్లు నిండి బడిలో చేరిన బాలుడొకడు ఒక్క తరగతియు తప్పకుండ చదివినను ఇంటర్మీడియేటు ముగించునప్పటికి అతనికి పదునెనిమిదేండ్లు. తల్లితో సిద్దిపేటలో అద్దెయింట నున్న అట్టివానిని పాఠకులు తలంతురు గాక. తండ్రి వేరొక పట్టణమున వేరొక సంసారము చేసికొని యున్నాడు. న్యాయస్థానపు ఉత్తరువు ననుసరించి నెలకింతయని పంపుచున్నాడు. ఉత్తరువులో ‘మేజరగు వరకు’ అని యున్నది. బాలునికి జనవరిలో పదునెనిమిది నిండినవి. మార్చిలో పబ్లికు పరీక్షలు. ఆ వెనుక ఎంసెట్టని జనము నేటికిని పిలుచుకొను ప్రవేశపరీక్ష. ఫిబ్రవరినెల సొమ్ము రాలేదు. తల్లి వకీలు నడిగినచో, ఆయన తప్పేమియు చేయలేదమ్మా, ఉత్తరువు ముగిసినది అని చెప్పును. ఆ మాట శాసనరీత్యా సత్యమే. పదిహేడేండ్ల వయస్సున వానికి అన్నము పెట్టుట తండ్రి విధి; పరీక్ష వ్రాయునాటికి అది ఆయన దయ. సరిగా ఖర్చు పెరుగు దినముననే భారము తొలగుట ఎట్టి న్యాయమో మాకు బోధపడుట లేదు. కళాశాల రుసుమున్నది, హైదరాబాదులో వసతిగృహపు బాడుగ యున్నది, పుస్తకములున్నవి. సర్కారు రుసుములు తిరిగి చెల్లించునన్న ధైర్యము కొంత యున్నను, ఆ బకాయిలు పేరుకొని కళాశాలల యాజమాన్యములు విద్యార్థులను పీడించుట తెలంగాణములో ఎరుగనివారెవరు? ఆ కష్టకాలమున తల్లి ఒంటిగా మిగులుచున్నది. అనేక గృహములలో ఆ మిగులుటకు ఫలము చదువు మానుటయే. కొడుకు ఏదో దుకాణములో లెక్కలు వ్రాయుటకో, మోటారుబండిపై సరకులు మోయుటకో కుదురుకొనును. ఆ పనులు నీచములని మా భావము కాదు. చదువ దలచినవాడు చదువ లేక చేరుట వేరు.

కూతురి విషయము మరియొక విధముగ దుఃఖకరమైనది. చూచుటకు శాసనము ఆమెయెడల ఉదారముగ నున్నది. వయస్సు దాటినను హక్కు పోదు. కాని యా హక్కునకు ముగింపు పెండ్లి. చదువు కాదు, ఉద్యోగమును కాదని చెప్పజాలము, ఏలయన ఆర్జన యున్న పుత్రికకు భరణము లేదు. ఐనను ఆర్జన లేని పిల్ల విషయమున తండ్రికి ఋణవిముక్తి కలిగించు క్రియ వివాహమొక్కటియే. కోర్టు ఉత్తరువు క్రింద నెలనెలకు సొమ్ము కట్టుచున్న తండ్రికి కూతురి చదువు పొడిగింపుకంటె కూతురి పెండ్లి లాభసాటి బేరమగును. దీనికి తోడు కల్యాణలక్ష్మి. 2014 అక్టోబరు 2వ తేదీన 51,000 రూపాయలతో ఆరంభమైన ఈ పథకము 2018 నాటికి 1,00,116 రూపాయలకు పెరిగినది. పదునెనిమిది నిండనిదే ఈయరాదన్న నియమము బాల్యవివాహమునకు అడ్డుకట్టగా ఏర్పడినదే; ఆ యుద్దేశ్యమును మేము కొనియాడుదుము. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయస్సు గల తెలంగాణ స్త్రీలలో నూటికి 23.5 మందికి పదునెనిమిదికి పూర్వమే పెండ్లియైనట్లు తేలినందున ఆ అడ్డుకట్ట యావశ్యకమే. కాని పదునెనిమిది నిండిన యాడుపిల్ల ఎదుట సర్కారు పెట్టుచున్న సొమ్ము పెండ్లిపందిరి క్రిందనే యున్నది. శాసనము పెట్టుచున్న హద్దును అక్కడనే యున్నది. రెండు చేతులును ఆమెను ఒకేదిక్కునకు త్రోయుచున్నవి.

ఆ హక్కునైనను సులభముగ పొందగలదా? హర్యానాలోని యొక బాలిక తరపున 2002 అక్టోబరులో మేజిస్ట్రేటునొద్ద అర్జీ పడినది. 2011లో ఆ మేజిస్ట్రేటు ఆమెకు మేజరగువరకు మాత్రమే భరణమిచ్చెను. పై కోర్టులు తిరిగి తిరిగి 2020 సెప్టెంబరు 15వ తేదీన సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల పీఠము తుదితీర్పు చెప్పినది: మేజరైన అవివాహిత పుత్రికకు 1956 నాటి చట్టము క్రింద హక్కు కలదు, కాని దానిని మేజిస్ట్రేటునొద్ద కాక, వేరుగ దావా వేసి పొందవలెను, కుటుంబ న్యాయస్థానమున్నచోట అది రెండధికారములను వినియోగింపవచ్చును. బాలికకు పదునెనిమిది నిండినపిదప పోషణ కలదా యన్న వ్యాజ్యమునకే దాదాపు పదునెనిమిదేండ్లు నిండినవి. శాసనార్థము అదియే కావచ్చును, తీర్పును మేము తప్పుపట్టము. కాని ఒకే తండ్రిమీద ఒకే కూతురు పదిహేడేండ్లవరకు ఒక కచేరిలోను, పదునెనిమిది నుండి వేరొక కచేరిలోను నిలువవలెననుట బీదరాండ్రకు చెప్పదగిన ధర్మమేనా? మేజిస్ట్రేటు కచేరిలో మధ్యంతర భరణమును సాధ్యమైనంతవరకు అరువది దినములలో తేల్చవలెనన్న నియమమున్నది. ఈయనివానిని నెల దినములవరకు ఖైదు చేయు నధికారమున్నది. సివిలు దావాలో ఆ వేగమెక్కడిది?

ఆ పీఠముననే కూర్చుండిన జస్టిస్ సుభాష్‌రెడ్డి మన పూర్వపు మెదకుజిల్లా వారు. అదే సంవత్సరము నవంబరు 4వ తేదీన వారును జస్టిస్ ఇందు మల్హోత్రాయు కలిసి యిచ్చిన తీర్పు దేశమందలి మనోవర్తి వ్యాజ్యములకన్నిటికి త్రోవ చూపినది. ఉభయపక్షములును ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున చూపవలెననియు, అర్జీ పడిన దినమునుండియే భరణ మీయవలెననియు, బిడ్డల చదువు ఖర్చునేగాక శిక్షణ తరగతుల ఖర్చును గూడ లెక్కింపవలెననియు అందు చెప్పబడినది. తల్లికి చాలినంత యార్జన యున్నచో ఖర్చును పాళ్ల ప్రకారము పంచుకొనవచ్చుననియు కలదు. ఇంత దూరము చూచిన తీర్పు సైతము చట్టములోని పదునెనిమిదిని చెరపజాలదు గదా.

కొడుకుల విషయమున న్యాయస్థానములు పెరటిదారులు వెదకినవి. 2021 మార్చిలో కర్ణాటకమునుండి వచ్చిన యొక వ్యాజ్యమున, నేటి దినములలో మొదటి పట్టమే పదునెనిమిది దాటినపిదప గాని రాదు గనుక, కొడుకు పట్టభద్రుడగువరకు తండ్రి ఖర్చు భరింపవలసినదని సుప్రీంకోర్టు పలికినది. అదే యేడు జూనులో ఢిల్లీ హైకోర్టు, కొడుకు మేజరైనంతమాత్రమున భారమంతయు తల్లిపై త్రోయరాదని, కొడుకు చదువు ముగియువరకో ఆర్జన మొదలిడువరకో తల్లిపేర సొమ్మిప్పించినది. 2025 జనవరిలో, ఐర్లండులో చదువుచున్న యొక యువతి విషయమున, కుమార్తెకు తలిదండ్రులనుండి చదువు ఖర్చు రాబట్టుకొను హక్కు శాసనబద్ధమైనదని సుప్రీంకోర్టు మరల చెప్పినది. అచ్చట తండ్రి యిచ్చిన 43 లక్షలను కూతురు ఆత్మగౌరవముచే వలదన్నదట! ఇవన్నియు సంతోషింపదగినవే. కాని పెరటిదారి తెలిసినవారికే, ఢిల్లీకి ప్రయాణపుఖర్చున్నవారికే తెరచుకొనును. మన జిల్లాలో అర్జీ పట్టుకొని నిలుచున్న తల్లికి వీధి తలుపే గతి.

పాశ్చాత్యుల పద్ధతి ననుకరించి మన సంసారములను కోర్టుల పాలు చేయుచున్నారని కొందరు పెద్దలు గొణుగుదురు. వారికి మా మనవి యొక్కటి. మన పూర్వుల ఏర్పాటులో విద్యార్థిదశ వయస్సుతో ముగియలేదు. స్నాతకుడగుటతో, అనగా సమావర్తనముతో ముగిసినది. చదువు ముగిసినదని గురువు పంపిననాడే గృహస్థాశ్రమమునకు త్రోవ. ఆ కాలమున విద్యార్థిని పోషించినది తండ్రి యొక్కడే కాడు నిజమే. ఊరు భిక్ష పెట్టినది, గురువు నీడ నిచ్చినాడు. నిన్నమొన్నటి వరకు మన పట్టణములలో పేదపిల్లలు వారములు చేసికొని చదువుకొన్నారు; సోమవారమొక యింట, మంగళవారమొక యింట. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు నీడను చదివిన పల్లెటూరి బాలురెందరో. నేడు వారములిచ్చు గృహిణులు లేరు. ఆ భారమును సంఘము వదలుకొన్నది. వదలుకొన్న సంఘము తండ్రినిగూడ వదలిపెట్టినచో విద్యార్థి ఎవరి యన్నము తినవలెను?

1875లో మెజారిటీ చట్టము పదునెనిమిదిని నిర్ణయించినప్పుడు ఇంగ్లండులో మేజరు వయస్సు ఇరువదియొకటి. అక్కడ అది పదునెనిమిదికి తగ్గినది 1970లో. చేవ్రాలు పెట్టుటకు, పొలము క్రయము చేయుటకు ఏర్పడిన హద్దది. అన్నము పెట్టుటకును అదియే హద్దు కావలెనన్న నిర్బంధమేదియు లేదు. ఇంగ్లండులో నేడు పోషణ భారము సామాన్యముగ పదునారేండ్లకే ముగియును గాని, బడిచదువు సాగుచున్నచో ఇరువదివరకు పోవును. అమెరికాలో రాష్ట్రమున కొక తీరు: కాలిఫోర్నియాలో పదునెనిమిది, ఉన్నతపాఠశాల ముగియనిచో పంతొమ్మిది, న్యూయార్కులో ఇరువదియొకటి. తెలుగువారు వేలకొలదిగ స్థిరపడిన న్యూజెర్సీలో 2017నుండి పంతొమ్మిదేండ్లు హద్దు. కాని కళాశాల చదువు మున్నగు కారణములు చూపినచో న్యాయస్థానము ఇరువదిమూడు వరకు పొడిగింపవచ్చును. ఒకే యూర పుట్టిన యన్నదమ్ములలో అక్కడ నున్నవాడు కొడుకు కళాశాల చదువునకు లెక్క చెప్పవలసి యుండగా, ఇక్కడ నున్నవాడు పుట్టినదినపు మిఠాయితో చేతులు కడుగుకొనుచున్నాడు.

మాకు వచ్చు నాక్షేపణ మేమెరుగనిది కాదు. చదువు పేర ఇరువదియైదేండ్లవరకు తిరుగు సోమరులను తండ్రులచేత మేపింతురా యని భూస్వాములు మమ్మడుగుదురు. రెండెకరముల రైతు ఎక్కడనుండి తెచ్చునని మరియొకరందురు. మొదటిదానికి, తరగతిలో చేరి, హాజరై, పరీక్షలు కట్టుచున్నవానికే హక్కనియు, ఇరువదిమూడేండ్లు తుదిహద్దనియు చట్టమున వ్రాయవచ్చును. రెండవదానికి చట్టమే జవాబు చెప్పుచున్నది: శక్తి యున్నవానినే అడుగును, శక్తికొలదియే అడుగును. కలిసియున్న సంసారములలో ఈ ప్రశ్నయే పుట్టదని గూడ మరువరాదు. మన రైతు పొలము కుదువబెట్టియైన కొడుకును చదివించుచున్నాడు. ఆయన స్వచ్ఛందముగ చేయుచున్నదానిని, ఇల్లు విడిచిపోయినవానిచేత చేయింపుమనుటయే గదా మేము కోరునది.

మరియొక సంగతి. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టములో పిల్లలనగా మైనరులు కాని సంతానము. అనగా పదునెనిమిది నిండిన దినముననే కొడుకు తండ్రినడుగు హక్కును కోల్పోయి, తండ్రిచే అడుగబడు వాని పట్టికలో చేరును. శక్తి యున్ననే ఈయవలెనన్న నియమము అక్కడను కలదు. ఐనను చదివింపని తండ్రి రేపు ముసలితనమున అదే కొడుకును ట్రిబ్యునలుకు లాగగలడు. ఇచ్చిపుచ్చుకొనుటలోని ఈ వంకర శాసనకర్తల కంట ఏల పడలేదో!

భూవసతి గల పాఠకులకు ఒక మాట. పిత్రార్జితమగు పొలములో కొడుకునకు పుట్టుకతో భాగమున్నది. కూతునకును 1985లో మన పూర్వపు ఆంధ్రప్రదేశము తెచ్చిన సవరణ చేతను, 2005లో కేంద్రము తెచ్చిన సవరణ చేతను ఉన్నది. నెలకు కొన్నివేలు ఈయ నొల్లని తండ్రి పదునెనిమిదేండ్ల కొడుకుచే పాలు పంపకపు దావా వేయించుకొనుట కచేరులలో కానరాని సంగతి కాదు. జలాశయములు నిండి, 2023 అక్టోబరున సిద్దిపేటకు రైలు వచ్చి, ఎకరము వెల ఎట్లున్నదో మీ రెరుగుదురు. చదువు ఖర్చు నిరాకరించి పొలము ముక్కలు చేసికొనుట బుద్ధిమంతుల లెక్క కాదు. ఇక స్వార్జితము తప్ప వేరులేని తండ్రి కొడుకునకు ఆ దారియు లేదు.

ఇందు రాష్ట్రము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కర లేదు. ఉమ్మడి జాబితాలోని విషయమిది. కుమార్తెలకు కేంద్రముకంటె ఇరువదియేండ్లు ముందుగ పిత్రార్జితములో భాగమిచ్చిన శాసనసభ మనది. మనోవర్తి పరిమితిని 2001కి పూర్వమే పశ్చిమ బంగాళము, మధ్యప్రదేశము తమంత తామే పెంచుకొన్నవి. 144వ సెక్షనునకు తెలంగాణము ఒక్క ఉపవాక్యము చేర్చి, రాష్ట్రపతి యనుమతికి పంపినచో చాలును: మొదటి పట్టము గాని, వృత్తివిద్య గాని చదువుచున్న సంతానమునకు, మగవాడైనను ఆడుదైనను, ఏ మతమువారైనను, చదువు ముగియువరకు, ఇరువదిమూడేండ్లకు మించకుండ, అదే మేజిస్ట్రేటునొద్ద, తలిదండ్రులిరువురి శక్తి ననుసరించి. కూతురి పెండ్లికి లక్ష రూపాయలు కేటాయింపగల ప్రభుత్వమునకు ఖజానాలో ఒక్క కాసైనను కదలనక్కరలేని సవరణ యిది.

అంతవరకు వకీళ్లు చేయదగిన పని యొకటి కలదు. లోకదాలతులలోను, విడాకుల రాజీలలోను తండ్రులు ఒప్పుకొని వ్రాసియిచ్చు షరతులకు చట్టపు హద్దు అడ్డురాదు. ఎక్కువ ఇచ్చెదనన్నవానిని ఏ చట్టమును వలదనదు. రాజీపత్రము వ్రాయునప్పుడు అలవాటు చొప్పున ‘మేజరగు వరకు’ అని వ్రాయుచున్నారు. ఆ రెండు మాటలు కొట్టివేసి, ‘డిగ్రీ చదువు ముగియు వరకు’ అని వ్రాయింపుడు. తల్లులును సంతకము పెట్టుటకు ముందు ఆ పంక్తిని చదివించుకొని వినవలెను. బిడ్డకు పదునెనిమిది నిండినపిదప ఆ పంక్తిని దిద్దుట మిక్కిలి కష్టము.